పదహారుతో భాగించవలసిన మా బావ

మా బావ మీద మోసం కేసు పెట్టారని తెలిసిన రోజున మా వీధి వీధంతా కడుపు పట్టుకుని నవ్వింది. రొట్టెల కొట్టాయన అయితే నవ్వీ నవ్వీ పొలమారి మంచినీళ్ళు తాగాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ప్లీడరమ్మ దగ్గర గుమాస్తాగిరీ వెలగబెడుతున్నవాణ్ణి. కేసు కాగితం చేతికిస్తే చాలు, అందులో పస ఉందో లేదో ఇట్టే చెప్పేస్తాను. ఆ కాగితంలో పస ఉంది. మా బావ జైలుకి పోయేటంత పస ఉంది.

ముందు మా బావ ఎలాంటివాడో చెప్పాలి. మా అక్క మొగుడు. మా వీధి మలుపులో సైకిలు రిపేరు కొట్టు ఆయనది. కొట్టంటే రెండు మంచాలు వేస్తే నిండిపోయే గది. గోడనిండా మేకులు, మేకులకి టైర్లు, చెయిన్లు, ఎవరూ తీసుకెళ్ళని సీట్లు. గుమ్మం పక్కన నీళ్ళ తొట్టి. ట్యూబులో గాలి కొట్టి ఆ నీళ్ళలో ముంచి, బుడగ ఎక్కణ్ణించి లేస్తుందో చూసి అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెడతాడు. చక్రం ఊగుతుంటే స్టాండుకి బిగించి తిప్పి, కళ్ళు మూసుకుని చువ్వల చప్పుడు వింటాడు. ఏ చువ్వ వదులో ఆయన చెవికే తెలిసిపోతుంది.

పని దగ్గర మా బావ నోట అబద్ధం రాదు. "ఈ టైరు ఇంకో రెండు నెలలొస్తుంది, ఇప్పుడే మార్చకమ్మా" అన్నాడంటే రెండు నెలలూ నిక్షేపంగా వస్తుంది, ఆ మర్నాడు పేలుతుంది. కానీ పని వదిలేసి వేరే మాట ఎత్తాడా, ఇంక పట్టపగ్గాలుండవు. కోతలే కోతలు! చిన్నప్పుడు తను ఎక్కిన చెట్టు ఎంత పొడుగంటే దిగేసరికి మీసాలొచ్చాయట. ఒకసారి గాలి కొట్టిన టైరు ఎంత గట్టిగా ఉందంటే దాని మీద కొబ్బరికాయ వేస్తే పక్క ఊళ్ళో పడిందట. నన్ను కూడా వదల్లేదు మహానుభావుడు. "మా బావమరిది సంతకం పడందే జడ్జి తీర్పు చదవడు" అని వచ్చినవాడికల్లా చెప్పేవాడు. నేను కోర్టులో చేసే పని కాగితాలకి దారం కట్టడం. ఆ మాట విని నా దగ్గరికి సిఫార్సుకొచ్చినవాళ్ళని తిప్పి పంపలేక చచ్చేవాణ్ణి.

మరి ఈ పదహారు గోల ఏమిటంటారా? పాతికేళ్ళ కిందటి మాట. ఎనభై కుక్కలు తరుముకొచ్చాయని బావ చెప్పాడు. అదే దారిలో వచ్చిన పోస్టమ్మ, "అయిదు, నేను లెక్కపెట్టాను" అంది. ఆ వారంలోనే, తెల్లారేసరికి తన కొట్టు ముందు నలభై ఎనిమిది సైకిళ్ళు వరస కట్టాయన్నాడు. ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టాయన మూడు చూశాడు. ఆయనకి లెక్కలంటే పిచ్చి. పిండి చేతులతోనే గోడ మీద రాసి చూశాడు. ఎనభైకి అయిదు, నలభై ఎనిమిదికి మూడు. రెండుసార్లూ పదహారే! అంతే, రేటు ఖాయమైపోయింది. బావ ఏం చెప్పినా మా వీధివాళ్ళు లోపల్లోపల పదహారుతో భాగించి, "అబ్బో, అలాగా!" అనేవాళ్ళు. పిల్లలకి ఎక్కాల్లో పదహారో ఎక్కం ముందొచ్చేది మా వీధిలోనే. వెనకాల ఆయన్ని 'పదహారు' అనే పిలుచుకునేవాళ్ళు.

ఈ సంగతి బావకి తెలియనివ్వకుండా ఇన్నేళ్ళూ వీధంతా కాపాడుకుంటూ వచ్చాం. ముఖ్యంగా మా అక్క. ఆవిడ పెద్దాసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు మడతపెట్టే పని చేసేది. ఆసుపత్రి ఇంటికి సరిగ్గా కిలోమీటరు. నాలుగేళ్ళ కిందట మోకాళ్ళు పట్టేసినప్పటినించీ బావే పొద్దున దింపి సాయంత్రం తీసుకొచ్చేవాడు. నేను ఆ వేళకి కోర్టుకి బస్సెక్కేసేవాణ్ణి. అది ఇంకోవైపు, ఇంటినించి నాలుగు కిలోమీటర్లు. కాబట్టి వాళ్ళ రాకపోకలు నేనెప్పుడూ సరిగ్గా చూసిందే లేదు. వారానికి ఒక్కరోజు సెలవు తప్ప, ఆ నాలుగేళ్ళలో అక్క ఒక్కపూట మానలేదు. ఈ ఏడు మొదట్లో పని విరమించింది.

సరిగ్గా ఆ నెల్లోనే మా వీధి చివరి ఇంట్లోకి ఒక మేష్టారు దిగాడు. నలభై ఏళ్ళు బళ్ళో భూగోళం చెప్పి రిటైరైనవాడు. ప్రపంచంలో ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు గానీ, పాపం, పుట్టినప్పటినించీ జిల్లా దాటలేదు. వాళ్ళ పిల్లలు, అంటే ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు, చందాలేసుకుని నడుమెత్తు గ్లోబొకటి కొనిచ్చారు. కొయ్య స్టాండు, ఇత్తడి చట్రం, తిప్పితే చప్పుడు లేకుండా తిరుగుతుంది. ఇంట్లో ఆయనకి అదే తోడు.

ఆయన బజారుకి తిరగడానికి సైకిలొకటి కొందామని బావ కొట్టుకొచ్చాడు. మూలనున్న పచ్చ సైకిలు చూసి, "ఇదెంతండీ?" అన్నాడు. మా బావ నోరు ఊరుకుంటుందా?

"దీన్ని మామూలు సైకిలనుకోకండి మేష్టారూ! ఒకాయన పెళ్ళాన్ని వెనక కూర్చోబెట్టుకుని దీని మీద ప్రపంచమంతా చుట్టొచ్చాడు. ఇరవై ఏళ్ళ కిందట తిరిగొచ్చి ఇక్కడే దిగాడు."

మేష్టారు కొయ్యబారిపోయాడు. "ప్రపంచమంతానా? ఏ దారిన వెళ్ళాడు?"

బావ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఈజిప్టు, టర్కీ, చైనా, జపాను, బ్రెజిలు. ఎక్కడ సముద్రం అడ్డొచ్చిందో, ఎక్కడ కొండెక్కలేక దిగి తోశాడో. మేష్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సీటు మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయాడు. "దీనికి వెల కట్టకూడదండీ" అని గబగబా ఇంటికెళ్ళి, ఆ గ్లోబుని బిడ్డని ఎత్తుకున్నట్టు కావలించుకుని తీసుకొచ్చాడు. ఇది తీసుకుని అదివ్వండి అన్నాడు. బావ గాబరాపడ్డాడు. "వద్దండీ, పాత సైకిలు, వెనక బ్రేకు అరిగింది, పెడలు కిర్రుమంటుంది, మామూలు రేటివ్వండి చాలు" అన్నాడు. మేష్టారు వింటేగా! గ్లోబు గుమ్మంలో పెట్టి, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. ఎక్కలేదు కూడాను, దానికి నొప్పెడుతుందన్నట్టు.

పది రోజుల తరవాత నూనె వేద్దామని సైకిలు తలకిందులుగా పెట్టాడట. పెడళ్ళ ఇరుసు కింద, ఫ్రేము మీద నంబరు, పక్కనే తయారైన సంవత్సరం. లెక్క చూస్తే సైకిలు వయసు నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళ కిందట ప్రపంచం చుట్టొచ్చిన సైకిలు నాలుగేళ్ళ కిందట పుట్టడమేమిటి? మేష్టారు బావని ఒక్కమాట కూడా అడగలేదు. తిన్నగా స్టేషనుకెళ్ళాడు. ఫిర్యాదు మూడు పేజీలు, మార్జిను గీసి మరీ రాశాడు. బావ చెప్పిన దారంతా గుర్తుపెట్టిన ప్రపంచపటం కూడా జతచేశాడు. పోలీసులొచ్చి సైకిలూ గ్లోబూ రెండూ పట్టుకుపోయారు.

మొదటిసారి ప్లీడరమ్మ దగ్గరికి బావని తీసుకెళ్ళినప్పుడు నేను దార్లోనే తలంటేశాను. "విను బావా. ఊరికే అబద్ధమాడితే జైల్లో వెయ్యరు. అలా అయితే నిన్ను పుట్టగానే వెయ్యాల్సింది. మోసం కింద శిక్ష పడాలంటే, చెప్పింది అబద్ధమై ఉండాలి, అబద్ధమని తెలిసే చెప్పి ఉండాలి."

"రెండూ ఉన్నాయిరా" అన్నాడు, ఏదో బహుమతి వచ్చినట్టు.

"నోర్ముయ్. ఎదుటివాడి దగ్గర ఏదో లాగేద్దామన్న బుద్ధి, చెప్పేటప్పుడే, మొదటినించే ఉండాలి. తరవాత పుడితే కాదు. ఎదుటివాడు ఆ మాట నిజంగా నమ్మాలి. నమ్మడం వల్లే తన వస్తువు చేతికివ్వాలి. ఇచ్చి నష్టపోవాలి. ఇవన్నీ చెయిను లింకుల్లాగా ఒకదానికొకటి తగులుకుని ఉండాలి. ఒక్క లింకు తెగినా కేసు ముందుకి కదలదు."

"అయితే ఏ లింకు తెగ్గొడదాం?"

"అది తెలిస్తే నేనే ప్లీడర్నయ్యేవాణ్ణి కదా!"

ప్లీడరమ్మ అంతా వింది. బావని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచింది. "ఈ పదహారు సంగతే మనకి దిక్కు. తన మాట ఎవరూ నమ్మరని తెలిసినవాడికి, ఆ మాటతో మోసం చేద్దామన్న బుద్ధి ఎక్కణ్ణించి వస్తుంది? వీధివాళ్ళని సాక్షులుగా వేద్దాం. ఆయన మాటని భాగించి వింటారని చెప్పిద్దాం. అది ఆయనకీ తెలుసని చూపిద్దాం."

"ఆయనకి తెలియదండీ" అన్నాను.

"పాతికేళ్ళ సంగతి తెలియదంటే జడ్జి గారు నమ్మరు. తెలియకపోతే కోర్టులో తెలుస్తుంది" అంది ఆవిడ, ఫైలు మూసేస్తూ.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. అక్క చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది. "ఒరేయ్, నీకేమైనా మతిపోయిందా? జైలుకి పంపితే నాలుగు నెలలకో ఆరు నెలలకో తిరిగొస్తాడు. పాతికేళ్ళుగా తన మాట ఒక్కరూ నమ్మలేదని, అదీ నలుగురిలో తెలిస్తే, ఇంక నోరెత్తుతాడా? మాట్లాడని మీ బావని నేనేం చేసుకోనురా?"

నాకు కోపమొచ్చింది. "అంటే జైలుకి పొమ్మంటావా?"

"నాకేం తెలుసు! చదువుకున్నావు కదా, నువ్వే ఏదో దారి చూడు" అని కళ్ళొత్తుకుంది. చదువుకోవడానికీ, దారానికి ముడి వెయ్యడానికీ ఏం సంబంధమో నాకిప్పటికీ తెలియదు. దారి మాత్రం ఇంకోటి లేదు. సాక్షులకి సమన్లు నా చేత్తోనే రాశాను.

విచారణ రోజున మా వీధిలో కొట్లన్నీ మూసేశారు. కోర్టు హాల్లో జడ్జి గారి బల్ల పక్కన పచ్చ సైకిలు, హ్యాండిలుకి చీటీ కట్టి స్టాండు వేసి నిలబెట్టారు. దాని పక్కన గ్లోబు, దానికీ చీటీ. ఎవరూ చూడనప్పుడు అటెండరు దాన్ని ఒక వేలితో తిప్పుతున్నాడు. అక్క గోడవార బెంచీ మీద కూర్చుంది. ముద్దాయి బోనులో బావ, ఉతికిన చొక్కా వేసుకున్నాడు గానీ గోళ్ళకింద గ్రీజు అలాగే ఉంది.

మొదట మేష్టారు సాక్షుల బోనెక్కాడు. ప్లీడరమ్మ మెత్తగా అడిగింది. "సైకిల్లో లోపాలున్నాయని చెప్పాడా?"

"చెప్పాడు. బ్రేకు, పెడలు, రెండూ చెప్పాడు."

"గ్లోబు ఇమ్మని అడిగాడా?"

"లేదు. వద్దన్నాడు. నేనే బలవంతంగా ఇచ్చాను."

"సైకిలు బాగానే నడుస్తోందా?"

"బ్రహ్మాండంగా నడుస్తోంది" అన్నాడు మేష్టారు. అబద్ధమాడటం చేతకాని మనిషి.

ప్లీడరమ్మ కూర్చుంది. సర్కారు వకీలు లేచి ఒక్కటే అడిగాడు. "ప్రపంచం చుట్టొచ్చిందని చెప్పకపోతే మీ గ్లోబు ఇచ్చేవారా?"

"చస్తే ఇచ్చేవాణ్ణి కాదు."

నమ్మాడు, నమ్మబట్టే ఇచ్చాడు. రెండు లింకులూ గట్టిగా ఉన్నాయి. ఇంక మిగిలింది బావ మనసులో ఏముందన్నదే.

రొట్టెల కొట్టాయన బోనెక్కి, నిజమే చెబుతానని ప్రమాణం చేసి, కుక్కల లెక్కా సైకిళ్ళ లెక్కా విప్పాడు. "అప్పటినించీ మా వీధిలో అందరం పదహారుతో భాగిస్తామండీ."

"ఇంకో ఉదాహరణ చెప్పగలరా?" అన్నారు జడ్జి గారు, కలం కింద పెట్టి.

"వాళ్ళ బావమరిది సంతకం పడందే తమరు తీర్పు చదవరని చెబుతుంటాడండీ."

జడ్జి గారు కళ్ళజోడు పైనించి నా వంక చూశారు. భూమి చీలిపోతే బాగుండుననిపించింది. హాలంతా గొల్లుమంది. తరవాత పోస్టమ్మ వచ్చి, వీధిలో ఉత్తరాలు పంచినట్టే ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆయన చెప్పింది చెప్పినట్టు నమ్మినవాళ్ళు మా వీధిలో ఒక్కరు కూడా లేరండీ. వెనకాల పదహారు అనే పిలుస్తాం."

ఆ మాటతో నేను బావ వైపు తిరిగాను. తల దించేసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అయిపోయింది, మనిషి ఏడుస్తున్నాడు, అక్కకి నా మొహం ఎలా చూపించాలిరా భగవంతుడా అనుకున్నాను. జడ్జి గారు కూడా జాలిపడి, "మీరేమైనా చెప్పుకుంటారా?" అన్నారు.

బావ తలెత్తాడు. ఏడవడమా నా మొహమా! నవ్వు ఆపుకోలేక మొహం ఎర్రగా కందిపోయింది.

"అయ్యా, ఈ పదహారు సంగతి నాకు మొదటినించీ తెలుసు. పిండి చేతులతో గోడ మీద లెక్క వేసి, తుడవడం మర్చిపోయాడు ఆయన. ఎదురుగా ఉన్నది నా కొట్టే కదండీ. వీళ్ళు పదహారుతో భాగిస్తారని తెలిశాక నేను ఉన్నమాట ఉన్నట్టు చెబితే ఏమవుతుంది? ఇద్దరొచ్చారంటే ఎవరూ రాలేదనుకుంటారు. అందుకని అప్పటినించీ నేనే ముందుగా పదహారుతో హెచ్చించి చెబుతున్నాను. వాళ్ళు భాగించుకుంటారు. చివరికి అందరికీ చేరేది నిజమే. పాతికేళ్ళలో మా వీధిలో నేను ఒక్క అబద్ధం ఆడలేదండీ!"

రొట్టెల కొట్టాయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాడు. ప్లీడరమ్మ మొహం వెలిగిపోయింది. నేను ఆనందంతో ఎదురుగా ఉన్న ఫైలు మీద ఒక్క గుద్దు గుద్దాను. తెగింది లింకు! తన మాట ఎలా వింటారో తెలిసినవాడికి మోసం చేసే బుద్ధి ఎక్కడిది? అక్కడితో కూర్చుంటే బావ గెలిచినట్టే.

కూర్చోడే! మా బావ కదా.

"కానీ అయ్యా, మేష్టారు కొత్తగా వచ్చారు. రేటు తెలియదు. నేను చెప్పింది చెప్పినట్టు మొత్తం నమ్మేశారు. ఆయన కళ్ళు చూడగానే నాకు తెలిసిపోయింది. అప్పుడే చెప్పాల్సింది, భాగించుకోండి మేష్టారూ అని. నోరు రాలేదు. నా జన్మలో నా మాట పూర్తిగా నమ్మిన మనిషి ఆయనొక్కడే. ఇంకొక్క రోజు నమ్మనిద్దాం, ఇంకొక్క రోజు నమ్మనిద్దాం అనుకుంటూ పది రోజులు గడిపేశాను. అది తప్పే. దానికి ఏ శిక్ష వేసినా సరే."

ప్లీడరమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. సర్కారు వకీలు గబగబా ఏదో రాసుకున్నాడు. తెగిన లింకుని తన చేత్తోనే మళ్ళీ తగిలించి, బిగించి, నూనె కూడా వేశాడు మా బావ. రేయ్ బావా, నిన్ను కన్నవాళ్ళకి దణ్ణం పెట్టాలి అని పళ్ళు కొరుక్కున్నాను.

అప్పుడు మేష్టారు లేచాడు. "అయ్యా, నేనొక ప్రశ్న అడగొచ్చా?"

జడ్జి గారు తలూపారు.

"మీరు చెప్పినదాంట్లో పదహారో వంతు నిజం ఉంటుందన్నారు కదా" అన్నాడు మేష్టారు, బావకేసి చూసి. "ఈ సైకిలు కథలో ఆ నిజం ఏమిటి?"

మా బావ మాట్లాడలేదు. నా జన్మలో మొదటిసారి చూశాను, మా బావని ఎవరో ఏదో అడగడం, ఆయన మాట్లాడకపోవడం. చెవులు ఎర్రబడ్డాయి. బోను కర్రని బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు.

"నేను చెబుతానండీ" అని బెంచీ మీదనించి అక్క లేచింది.

మోకాళ్ళ మీద చేతులాన్చుకుని మెల్లగా నడిచొచ్చి సాక్షుల బోనెక్కింది. కోర్టుకి రావడమే ఆవిడకి మొదటిసారి. భయపడుతుందనుకున్నాను. కాస్త కూడా భయపడలేదు.

"నాకు మోకాళ్ళు పట్టేశాక ఆ సైకిలు కొత్తది కొన్నాడండీ, నా కోసమని. క్యారియరు మీద నాకు దిండు కూడా కుట్టించాడు. ఇంటినించి ఆసుపత్రికి కిలోమీటరు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వారానికి ఆరు రోజులు, నాలుగేళ్ళు. మొదట్లో సిగ్గుపడి ఏడ్చేదాన్ని, ఈ వయసులో ముసలాయన తొక్కుతుంటే నేను కూర్చోవడమేమిటని. అప్పుడు మొదలుపెట్టాడు. రొట్టెల కొట్టు మలుపొస్తే, ఇదిగో ఈజిప్టు అనేవాడు. పోస్టాఫీసు దాటితే చైనా. ఆసుపత్రి గేటు బ్రెజిలు. మా వీధి కుళాయి దగ్గర ఎప్పుడూ నీళ్ళు నిలిచుంటాయి, అక్కడికి రాగానే, సముద్రం వచ్చింది, కాళ్ళెత్తు అనేవాడు. ఎత్తేదాన్ని. నేను పని మానేశాక సైకిలు మూల పడింది. ఖాళీ క్యారియరు రోజూ చూడలేక అమ్మకానికి పెట్టాడు."

సర్కారు వకీలు లేచాడు గానీ గొంతులో జోరు లేదు. "ఆయన ప్రపంచం చుట్టొచ్చానంటే మీరు నమ్మారా అమ్మా?"

అక్క ఆయనకేసి వింతగా చూసింది. "నమ్మడమేమిటండీ? నేను వెనక కూర్చున్నాను కదా!"

హాల్లో ఎవరూ నవ్వలేదు. మేష్టారి పెదాలు మాత్రం కదులుతున్నాయి. లెక్క వేస్తున్నాడు. "వారానికి ఆరు రోజులు, ఏడాదికి మూడువందల పన్నెండు. నాలుగేళ్ళకి పన్నెండువందల నలభై ఎనిమిది. రోజుకి రెండు కిలోమీటర్లు. రెండు వేల నాలుగువందల తొంభై ఆరు." గ్లోబు దగ్గరికి నడిచి దాని నడుం మీద వేలు పెట్టాడు. "భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లు. పదహారుతో భాగిస్తే రెండు వేల అయిదువందలు." తలెత్తి బావని చూశాడు. "నాలుగు కిలోమీటర్లు తక్కువండీ. అంతే తేడా!"

నిజం చెబుతున్నాను, బావ కూడా ఆశ్చర్యపోయాడు. ఆ లెక్క ఆయన ఎప్పుడూ వేసుకోలేదు. అలవాటుకొద్దీ హెచ్చించాడంతే.

మేష్టారు జడ్జి గారికి చేతులు జోడించాడు. "నాకేమీ నష్టం జరగలేదండీ. నేను కొనుక్కున్నది నాకు ముట్టింది. ఈ కేసు వద్దు."

ఈ నేరం ఫిర్యాదీ కోరితే, కోర్టు ఒప్పుకుంటే రాజీ చేసుకోదగ్గదేనని ప్లీడరమ్మ చటుక్కున లేచి సెక్షను చదివింది. సర్కారు వకీలు అభ్యంతరం లేదన్నాడు. జడ్జి గారు బావ వైపు తిరిగి, "కొత్తవాళ్ళొస్తే ముందు రేటు చెప్పండి" అన్నారు. తరవాత ఉత్తర్వు రాసి, కలం నావైపు చాపి, "దీని మీద సంతకం నేను పెట్టొచ్చా, మీరు పెడతారా?" అన్నారు. ఆ రోజు నవ్వినంతగా ఆ హాలు మళ్ళీ నవ్వి ఉండదు.

బయటికొచ్చాక బావ సైకిలు మేష్టారికివ్వబోతే ఆయన తీసుకోలేదు. "ఇక్కణ్ణించి మీ ఇల్లు ఎంత దూరం?" అని నన్నడిగాడు.

"నాలుగు కిలోమీటర్లు" అన్నాను. అనేశాక నాకు ఒళ్ళు ఝల్లుమంది.

"అయితే పూర్తి చేసి రండి. ఆ తరవాత తీసుకుంటాను" అన్నాడు మేష్టారు బావతో.

నేనూ మేష్టారూ బస్సులో వచ్చాం. గ్లోబుకి కూడా టిక్కెట్టు కొట్టాడు కండక్టరు, ఎంత వాదించినా వినలేదు. మేము దిగేసరికి వీధంతా కొట్ల ముందు నిలబడి ఉంది. ఎంతోసేపటికి మలుపులో పచ్చ సైకిలు కనిపించింది. బావ వంగి తొక్కుతున్నాడు, పెడలు కిర్రుకిర్రుమంటోంది. వెనకాల అక్క, ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకుని. కుళాయి దగ్గరికి రాగానే, "సముద్రం!" అని అరిచాడు బావ. మా అక్క, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పి మనిషి, రెండు కాళ్ళూ పైకెత్తేసింది. నీళ్ళు చింది రొట్టెల కొట్టాయన పంట్లాం మీద పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు. చప్పట్లు కొడుతున్నాడు.

"రెండు వేల అయిదువందలు" అన్నాడు మేష్టారు నా పక్కనించి, గ్లోబుని ఒక చుట్టు తిప్పి ఆపి.

నేనప్పుడు ఏడ్చాను. బిందెడు కన్నీళ్ళు కార్చానని బావ ఇప్పటికీ వచ్చినవాడికల్లా చెబుతాడు. ఎప్పటిలాగే పదహారుతో భాగించుకోండి. ఆ ఒక్క విషయంలో మాత్రం, భాగిస్తే కాస్త తక్కువే వస్తుంది.